వెనకడుగు లేని దుకాణం

సూపర్ మార్కెట్ తెరిచిన రోజున నేను లోపలికి వెళ్ళి, నాలుగడుగులు వేసి, అక్కడ నిలబడి ఉన్న ఉద్యోగిని "పప్పులెక్కడున్నాయండీ" అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. నా ప్రశ్నని ఒక కాగితం మీద రాసుకున్నాడు. పేరూ ఫ్లాటు నంబరూ అడిగి అవి కూడా రాసుకున్నాడు. వారం తర్వాత ఇంటికి ఉత్తరం వచ్చింది. దుకాణం రూపకల్పనపై నేను చేసిన నిర్మాణాత్మక విమర్శను సంస్థ గౌరవిస్తున్నదనీ, గృహిణుల ప్రతినిధిగా నన్ను మదింపు కమిటీలో సభ్యురాలిగా నియమించడమైనదనీ అందులో ఉంది.

మా ఆయన ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివారు. ఆయన ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఏ కార్యాలయమో చెబితే ఊరుకోరు. "ఇందుమూలముగా అన్న మాట లేదు. చెల్లదు," అని నా చేతికిచ్చేశారు.

చెల్లినా చెల్లకపోయినా నేను వెళ్ళాను. మా సత్యభామ ఎన్‌క్లేవ్ విజయవాడ దాటాక, బందరు వెళ్ళే దారిలో, మొన్నటిదాకా మినుములు పండిన నేలలో ఉంటుంది. ఇదివరకు సరుకులు కావాలంటే ఆటోలో రెండు కిలోమీటర్లు వెళ్ళేవాళ్ళం. నిత్యకళ మెగా బజార్ వచ్చాక ఆటో అక్కర్లేకుండా పోయింది. ఆ రెండు కిలోమీటర్లూ దుకాణం లోపలే నడవచ్చు.

నాకు దుకాణం చూపించినాయన పేరు కౌండిన్య. హెడ్డాఫీసులో వినియోగదారు ప్రయాణ రూపకల్పన విభాగానికి అధిపతి. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. చాలా మర్యాదగా మాట్లాడతాడు, కాకపోతే మాట్లాడేటప్పుడు మన మొహం వైపు కాక మన వెనకున్న గోడ వైపు చూస్తాడు. లోపల మొత్తం పదకొండు మండలాలున్నాయని చెప్పాడు. ఒక మండలం దాటి ఇంకో మండలంలోకి వెళ్ళేచోట అడ్డంగా తిరిగే ఇనప కమ్మీల గేటు ఉంటుంది. తోసుకుని ముందుకి వెళ్ళొచ్చు. వెనక్కి తోస్తే కదలదు. నేల మీద అరచెయ్యంత బాణాలు అన్నీ ఒకే దిక్కుకి చూపిస్తూ ఉన్నాయి. బోర్డులు మాత్రం ఎక్కడా లేవు. బోర్డు పెట్టడమంటే రూపకల్పన విఫలమైందని ఒప్పుకోవడమేనట.

మొదటి మండలంలో చాక్లెట్లు. దాన్ని ఆహ్వాన మండలం అంటారు. రెండోదాంట్లో ప్లాస్టిక్ బకెట్లూ పూలకుండీలూ. మూడోది మొత్తం కుక్కల తిండి. మా కాలనీలో ఉన్న కుక్క ఒక్కటే, అది వాచ్‌మన్‌ది, పెరుగన్నం తింటుంది. ఆ తర్వాత అత్తర్లూ, పరుగెత్తే యంత్రాలూ, కొవ్వొత్తులూ. ఆరో మండలంలో అలిసినవాళ్ళు కూర్చోడానికి నాలుగు కుర్చీలు. తొమ్మిదో మండలంలో బియ్యం కనిపించేసరికి నాకు సొంతవూరు చేరినట్టనిపించింది. పదిలో పప్పులు. పదకొండులో పోపుదినుసులు. ఆ చిట్టచివరి అరలో, బిల్లింగ్ కౌంటర్‌కి ఆనుకుని, పసుపు.

"మామూలు దుకాణంలో వినియోగదారు వస్తువు దగ్గరికి వెళ్తారు మేడమ్," అన్నాడు కౌండిన్య. "ఇక్కడ వస్తువులు ఒక క్రమంలో వినియోగదారు జీవితంలోకి వస్తాయి. ఇది వెనకడుగు లేని దుకాణం."

బియ్యం దగ్గర ఉండగా బకెట్ గుర్తొస్తే ఎలాగని అడిగాను.

"జీవితంలో వెనక్కి వెళ్ళగలమా మేడమ్?"

"జీవితంలో వెళ్ళలేం గానీ, బకెట్ కోసం వెళ్తాం కదండీ."

అది కూడా రాసుకున్నాడు. తర్వాత నాకొక మదింపు పత్రం ఇచ్చాడు. అందులో మొదటి ప్రశ్న, మీరు దారి తప్పారా అని. కింద రెండు గళ్ళున్నాయి. ఒకటి 'లేదు'. రెండోది 'ఆనందంగా తప్పాను'.

*

నెల మొదటి తారీకున అసలు సంగతి బయటపడింది.

మా వైపు ఆడవాళ్ళు నెల సరుకుల చీటీ రాస్తే మొదటి పేరు పసుపు. ఇంట్లో ఇంకా మూడు ప్యాకెట్లున్నా సరే పసుపే. దుకాణానికి వెళ్ళినా సంచిలో మొదట పడాల్సింది అదే. ఎందుకని కొత్తలో మా అత్తగారిని అడిగాను. మీ అమ్మ నేర్పలేదా అన్నారు. ఇంక అడగలేదు.

ఆ రోజు పొద్దున మా కింది ఫ్లాటు భ్రమరాంబ గారు నాతో పాటు వచ్చారు. ఆవిడకి డెబ్భై ఏళ్ళు, రెండు మోకాళ్ళూ నొప్పులు. ఖాళీ ట్రాలీ తోసుకుంటూ చాక్లెట్లని, బకెట్లని, కుక్కల బిస్కెట్లని తలెత్తి కూడా చూడకుండా దాటుకుంటూ పోయారు. దారిలో బియ్యం కనిపించినా ఆగలేదు. పదకొండో మండలం చేరి, పసుపు ప్యాకెట్ ట్రాలీలో వేసి, కళ్ళకద్దుకుని, ఇప్పుడు బియ్యం తీసుకుందామని వెనక్కి తిరిగారు. గేటు కదల్లేదు. ముందు బిల్లింగ్ కౌంటర్ తప్ప దారి లేదు. ఒక్క పసుపు ప్యాకెట్‌కి బిల్లు కట్టి, బయటికి వచ్చి, భవనం చుట్టూ తిరిగి, మళ్ళీ చాక్లెట్ల దగ్గర లోపలికి అడుగుపెట్టారు.

ఆవిడ ఒక్కరే కాదు. కాలనీలో ఆడవాళ్ళంతా అదే పని. రెండోసారి తీసుకున్న ట్రాలీ కొత్త ట్రాలీ కాబట్టి అందులోనూ ముందు పసుపే పడాలని డి బ్లాకులో ఒకావిడ వాదించి మూడుసార్లు తిరిగింది. ఒక నెల చీటీకి ఒక పసుపు చాలునని భ్రమరాంబ గారు తీర్పు చెప్పాక గానీ ఆవిడ ఇంటికి పోలేదు.

హెడ్డాఫీసులో కేకు కోశారట. రాష్ట్రంలో ఉన్న అన్ని శాఖల్లోకీ మా శాఖలోనే తలసరి ప్రవేశాలు ఎక్కువ. ప్రతి గృహిణీ ఒకే రోజున రెండుసార్లు వస్తోంది. మొదటిసారి వచ్చి, దుకాణమంతా నడిచి, ఒక్క పసుపు కొనుక్కుని, ఆ అనుభవం మర్చిపోలేక వెంటనే మళ్ళీ వస్తోంది. వాళ్ళ యంత్రం అలా చెప్పింది.

కమిటీ సమావేశంలో నేను ఉన్నమాట చెప్పాను. పసుపు తెచ్చి చాక్లెట్ల పక్కన పెట్టండి, మోకాళ్ళు బతుకుతాయి అన్నాను. మేనేజర్ ఫణీంద్ర బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. అతను ఇక్కడివాడే, పెనమలూరు. వాళ్ళావిడ ఆ పొద్దున రెండుసార్లు తిరగడం నేను చూశాను.

కౌండిన్య మాత్రం నా మాటని కొట్టిపారెయ్యలేదు. చాలా సేపు ఆలోచించాడు. పసుపు గమ్య వస్తువని రుజువైందనీ, గమ్యాన్ని తెచ్చి మొదట్లో పెడితే ఇక ప్రయాణం ఎక్కడుంటుందనీ అన్నాడు. వినియోగదారుల ఆకాంక్షని గౌరవిస్తూ పసుపు అరని మూడింతలు చేస్తామన్నాడు. చేశారు కూడా. పద్నాలుగు రకాల పసుపు వచ్చింది. అందుకు చోటు కావాలంటే గేట్లన్నీ కాస్త కాస్త వెనక్కి జరపాల్సి వచ్చింది. ఆరో మండలంలో కుర్చీలు తీసేశారు.

*

పదకొండో మండలంలో నాంచారమ్మ పని చేసేది. నలభై రెండేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా, దుకాణం వాళ్ళిచ్చిన ఆకుపచ్చ కోటు చీర మీద తొడుక్కుని ఉండేది. భర్త తాపీమేస్త్రి. రెండేళ్ళ కింద గోడ కడుతూ, నిలబడిన సారవ మీంచి పడ్డాడు, అప్పట్నుంచీ మంచం మీదే ఉంటాడు. మధ్యాహ్నం వెళ్ళి అతనికి అన్నం పెట్టి రాగలిగేంత దగ్గర్లో దొరికిన ఉద్యోగం ఇదొక్కటే. అయిదు నిమిషాల నడక. ఆరు నెలలు ప్రొబేషన్, ఆ తర్వాత పర్మినెంట్. ఈలోగా మూడు మెమోలు పడితే ఇంటికే. ఆమెకి అప్పటికే రెండు పడ్డాయి. ఒకటి, ఆరో మండలంలో కుర్చీ మీద కూర్చున్నందుకు. రెండోది, కందిపప్పు ఎక్కడుందని అడిగిన వినియోగదారుకి ఎక్కడుందో చెప్పినందుకు.

రెండో నెల మొదటి తారీకున మేం వెళ్ళేసరికి నాంచారమ్మ గుమ్మం బయట, ట్రాలీలు వరసగా పెట్టేచోట నిలబడి ఉంది. చేతిలో పళ్ళెం. పళ్ళెంలో చిన్న చిన్న పసుపు ప్యాకెట్లు. పేరంటానికి వచ్చినవాళ్ళకి ఇచ్చినట్టు ఒక్కొక్కరి ట్రాలీలో ఒక్కో ప్యాకెట్ వేస్తోంది. దాని డబ్బులు చివర్లో అన్నిటితో పాటు బిల్లులో పడతాయి. ఇక ఖాళీ ట్రాలీతో పరుగెత్తక్కర్లేదు. భ్రమరాంబ గారు ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు. ఆ రోజు ఆవిడ దుకాణంలో నింపాదిగా నడిచి, అవసరం లేకపోయినా ఒక కొవ్వొత్తి కూడా కొన్నారు.

ఇన్ని ప్యాకెట్లు ఇక్కడికెలా తెచ్చావని నాంచారమ్మని అడిగాను. సిబ్బంది కూడా బాణాలకి ఎదురు నడవకూడదు కాబట్టి, పళ్ళెం నిండినప్పుడల్లా బయటికి వచ్చి, భవనం చుట్టూ తిరిగి ఇటు వస్తోందట. ఖాళీ అయితే లోపలికి వెళ్ళి పదకొండు మండలాలూ దాటి మళ్ళీ నింపుకోవాలి. పొద్దుట్నుంచీ పదకొండు చుట్లయ్యాయి. చెప్పేటప్పుడు నవ్వుతోంది గానీ ఒక కాలి మీద నిలబడి రెండో కాలికి విశ్రాంతినిస్తోంది.

మర్నాడు హెడ్డాఫీసులో గగ్గోలు పుట్టింది. ప్రవేశాలు సగానికి సగం పడిపోయాయి. అమ్మకాలు పెరిగాయని ఫణీంద్ర చెప్పబోతే, అమ్మకాలు వేరే విభాగమనీ, తమ విభాగానికి ప్రవేశాలే ముఖ్యమనీ కౌండిన్య ఫోన్లోనే చెప్పాడట. సీసీ కెమెరాలు చూశారు. నాంచారమ్మ దొరికిపోయింది.

*

విచారణ కమిటీలో ముగ్గురం. కౌండిన్య, ఫణీంద్ర, నేను. ముగ్గురూ సంతకం పెడితే మూడో మెమో, దాంతో ఉద్యోగం పోతుంది.

సమావేశపు గది తలుపు ఏడో మండలంలో ఉంది. నేనూ ఫణీంద్రా నాంచారమ్మా వేళకి చేరాం. కౌండిన్య ఫోన్లో మాట్లాడుకుంటూ తలుపు దాటిపోయి ఎనిమిదో మండలం గేటు తోసుకుని వెళ్ళిపోయాడు. గాజు గోడలోంచి మాకు కనిపిస్తూనే ఉన్నాడు. వెనక్కి తోసి చూశాడు. కదల్లేదు. చెయ్యి ఊపి, ముందుకి నడిచి, పదకొండూ దాటి, బయటికి వెళ్ళి చుట్టూ తిరిగి వచ్చాడు. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. వచ్చేటప్పుడు చేతిలో ఒక పూలకుండీ ఉంది. అనుకోకుండా కొన్నానన్నాడు. ఆ మాట అనేటప్పుడు కొంచెం గర్వంగానే అన్నాడు.

అభియోగం చదివాడు. గమ్య వస్తువును గమ్యం నుండి తొలగించి, ప్రయాణం ఆరంభం కాకముందే వినియోగదారుకు గమ్యాన్ని చేకూర్చి, తద్వారా ప్రయాణ కాంక్షను నిర్వీర్యం చేసినట్టు.

నాంచారమ్మకి అందులో ఎంత అర్థమైందో తెలీదు. ఆమె ఒక్క విషయమే పట్టుకుంది. తనెప్పుడూ ఎదురు నడవలేదని చెప్పింది. "బాణాల మీదే నడిచాను సార్. కావాలంటే నా అరికాళ్ళు చూడండి."

విషయం పాదాలది కాదనీ, వస్తువు ప్రయాణించిందనీ, ప్రయాణించాల్సింది వినియోగదారనీ అతను గోడకి చెప్పాడు.

సాక్షిగా భ్రమరాంబ గారిని పిలిచారు. ఆవిడ ఏడు మండలాలు నడిచి వచ్చి, కుర్చీ చూపించేవరకూ ఆగకుండా కౌండిన్య కుర్చీలోనే కూర్చున్నారు.

"నాయనా, మీ అమ్మగారిది ఏ ఊరు?"

అతను నూజివీడు అన్నాడు.

"మరైతే, సరుకుల చీటీలో ఆవిడ మొదట ఏం రాస్తుంది?"

"మేడమ్, నా వ్యక్తిగత నేపథ్యం విచారణ పరిధిలోకి..."

"పసుపేనా?"

"పసుపేనండీ," అన్నాడు చివరికి. ఆ మాట ఒక్కటే అతను గోడకి కాక మనిషికి చెప్పాడు. వెంటనే సర్దుకుని, ఒక్క తల్లిని బట్టి సిద్ధాంతం చెయ్యలేమనీ, కనీసం నాలుగు వందల మంది తల్లులు కావాలనీ అన్నాడు.

రెండు రోజులకి విచారణ నివేదిక నా దగ్గరికి వచ్చింది. ఫణీంద్ర సంతకం పెట్టేశాడు. నాతో ఫోన్లో నీళ్ళు నమిలాడు. తనకి ఇద్దరు పిల్లలనీ, నేనైతే ఇల్లాలిని కాబట్టి నన్ను ఎవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యలేరనీ అన్నాడు. అది నిజమే. నివేదికలో మూడో పేరాలో నాంచారమ్మ 'ప్రవాహానికి ఎదురుగా సంచరించి' అని ఉంది. ఆమె పదకొండు చుట్లూ బాణాల మీదే నడిచింది. కెమెరాల్లోనూ అదే ఉంది. ఆ మాట దిద్దితేనే సంతకం గురించి ఆలోచిస్తానన్నాను.

దిద్దడం కుదరదన్నారు. ఎందుకంటే సరిగ్గా ఆ వారమే కౌండిన్యకి హెడ్డాఫీసులో గొప్ప పేరొచ్చింది. దుకాణంలో ఇంత బాగా పనిచేసిన సూత్రం పరిపాలనలో ఎందుకు పనిచెయ్యకూడదని పెద్దలకి తోచింది. సర్క్యులర్ వచ్చింది. ఇకపై ఏ ఫైలూ తాను వచ్చిన బల్లకి తిరిగి వెళ్ళరాదు. ఒక బల్ల మీద మూడు రోజులకి మించి ఉండరాదు. మూడు రోజుల్లో ఎవరూ ఏమీ రాయకపోతే అభ్యంతరం లేనట్టుగా భావించి ముందు బల్లకి పంపవలెను. వాక్యం దిద్దాలంటే నివేదిక ఫణీంద్ర బల్లకి వెనక్కి వెళ్ళాలి. వెళ్ళకూడదు.

నేను సంతకం పెట్టలేదు. ఏమీ రాయలేదు కూడా. మూడు రోజులు గడిచాక ఒక మనిషి వచ్చి ఫైలు పట్టుకుపోయాడు. ఇక నాంచారమ్మ పని అయిపోయిందనుకుని, పులిహోర చేసి వాళ్ళింటికి పట్టుకెళ్ళాను. ఆమె అప్పటికే భర్తకి చెప్పేసినట్టుంది. అతను పైకప్పు వైపు చూస్తూ పడుకుని ఉన్నాడు. నాంచారమ్మ ఆకుపచ్చ కోటు ఉతికి దండెం మీద ఆరేసింది, వాళ్ళది వాళ్ళకి శుభ్రంగా ఇచ్చెయ్యాలని.

*

ఆ కోటు తిరిగి ఇవ్వకముందే నాంచారమ్మకి పర్మినెంట్ ఉత్తర్వు వచ్చింది.

హెడ్డాఫీసులో ఉద్యోగుల ఫైళ్ళు చూసే బల్లలు వరసగా ఉంటాయట. మొదట నియామకం, తర్వాత ప్రొబేషన్, ఆ పక్కన క్రమశిక్షణ, దాని తర్వాత పర్మినెంట్. మూడో సంతకం లేదని క్రమశిక్షణ బల్ల దగ్గర ఎవరూ ఏమీ రాయలేదు, మూడు రోజులు దాటగానే ఫైలు ముందుకి జరిగింది. పర్మినెంట్ బల్ల మీద కూర్చునే ఆయన, ఫైలు తన దాకా వచ్చిందంటే వెనకవాళ్ళు అన్నీ చూసుకునే ఉంటారని, తన పని తాను చేశాడు. చేసి ముందుకి తోశాడు.

ముందున్నది ప్రమోషన్ బల్ల. మూడు రోజులకి నాంచారమ్మ ఆహ్వాన మండల పర్యవేక్షకురాలైంది. ఆకుపచ్చ కోటు పోయి నీలం కోటు వచ్చింది. ఆహ్వానం ఎలా పలకాలో నిర్ణయించే అధికారం ఇప్పుడు ఆమెది. గుమ్మంలో బల్ల వేయించి, దాని మీద పళ్ళెం పెట్టించి, వచ్చిన ఆడవాళ్ళందరికీ పసుపుతో ఆహ్వానం పలికించింది. కౌండిన్య అభ్యంతరం చెప్పలేదు. ఆహ్వానం ఆ మండలం అధికారి విచక్షణకి వదలాలని సూత్రాల పుస్తకంలో అతనే రాసుకున్నాడు. పైగా హెడ్డాఫీసులో ప్రవేశాలు లెక్కపెట్టడం పాతబడింది. ఇప్పుడు వినియోగదారులు ఎంతసేపు తటపటాయించారో కొలుస్తున్నారు.

భ్రమరాంబ గారు నాకూ నాంచారమ్మకీ కలిపి దిష్టి తీశారు. నేను కూడా, ఈ వెనకడుగు లేని పద్ధతిలో మనకి తెలియని మంచి ఏదో ఉందనుకోవడం మొదలుపెట్టాను. మా ఆయన మాత్రం పేపరు దించి, ప్రమోషన్ తర్వాత బల్ల ఏమిటని అడిగారు.

నేను కనుక్కోలేదు. ఆ తర్వాత బల్ల సన్మానం. మూడు రోజులకి నాంచారమ్మకి సుదీర్ఘ సేవలకి గాను ఒక ప్రశంసాపత్రం, గోడ గడియారం వచ్చాయి. దుకాణం తెరిచి అప్పటికి నాలుగు నెలలు. సన్మానం తర్వాత ఇక ఒక్కటే బల్ల ఉంది.

ఆ శుక్రవారం సాయంత్రం నాంచారమ్మ మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడింది. శాలువా ఏ రంగుది కావాలని హెడ్డాఫీసు నుంచి ఫోన్ చేసి అడిగారట. వచ్చే గురువారం పదవీ విరమణ సభ. నలభై రెండేళ్ళకి రిటైర్మెంటేమిటని అడిగితే, వయసు చూడడం నియామకం బల్ల పని, ఫైలు అది దాటి చాలా కాలమైంది, ఇప్పుడెలా వెనక్కి వెళ్ళడం అన్నారట.

"మెమో ఇచ్చి పంపినా ఏడ్చేదాన్ని కాదమ్మగారూ," అంది. "పూలదండ వేసి పంపుతున్నారు. ఇంటికెళ్ళి ఆయనకి ఏమని చెప్పను?"

నేను కౌండిన్యకి ఫోన్ చేశాను. అతను నిజంగానే బాధపడ్డాడు. నాంచారమ్మ గారి సేవలు సంస్థ మరువదన్నాడు. కానీ ప్రవాహం ఒక వ్యక్తి కోసం ఆగదన్నాడు. చివరి బల్లకి వెళ్ళేముందు ఫైలు లాంఛనంగా గృహిణుల ప్రతినిధి దగ్గరికి వస్తుందనీ, అభ్యంతరం లేదని ఒక మాట రాస్తే సభ శోభాయమానంగా ఉంటుందనీ చెప్పాడు. రాయకపోతే మూడు రోజుల తర్వాత ఎలాగూ లేనట్టే.

శనివారం ఫైలు వచ్చింది. దాన్ని భోజనాల బల్ల మీద పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. దాచేద్దామా అనుకున్నాను. నకలు ఉంటుంది. అభ్యంతరం ఉందని రాద్దామని కలం తీశాను.

అప్పుడు మా ఆయన లేచి వచ్చారు. రిటైరయ్యాక ఆయన దేనికీ అంత త్వరగా లేవగా నేను చూడలేదు. కళ్ళజోడు తుడుచుకుని, ఫైలు తిరగేసి, మొదట్నుంచీ చివరిదాకా చూశారు.

"విచారణప్పుడు నువ్వేం రాశావు?"

ఏమీ రాయలేదన్నాను.

"అదే నువ్వు చేసిన పొరపాటు. ఖాళీ కాగితం నడుస్తుంది. రాసిన కాగితం కూర్చుంటుంది."

అయితే అభ్యంతరం ఉందని రాస్తానన్నాను. ఆయన నా కలం మీద వేలు పెట్టి ఆపారు. అభ్యంతరమంటే దాని మీద నిర్ణయం తీసుకోవాలని పై అధికారికి పంపుతారు, ఫైలు పైకి వెళ్తుంది. వివరణ అడిగితే పక్కకి వెళ్తుంది. ఒప్పుకుంటే ముందుకి వెళ్తుంది. పైకీ పక్కకీ ముందుకీ వెనక్కీ వెళ్ళకూడదంటే ఒకే ఒక్క మాట ఉందని చెప్పారు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఆ మాట రాసిన ఏ ఫైలూ మళ్ళీ లేవడం తాను చూడలేదన్నారు. మార్జిన్‌లో ఎక్కడ రాయాలో, ఎంత ఏటవాలుగా రాయాలో, పొడి సంతకం మాట కింద కాకుండా పక్కన ఎందుకు పెట్టాలో చూపించారు. నేను రాశాను.

మాట్లాడండి.

సోమవారం ఫైలు పట్టుకుపోయారు. బుధవారం కౌండిన్య ఫోన్ చేశాడు. ఫైల్లో నా వ్యాఖ్య చూశాననీ, తాను నాతో మాట్లాడాలా అనీ అడిగాడు. మా ఆయన ముందే చెప్పి ఉంచారు కాబట్టి, ఎవరు మాట్లాడాలో ఫైల్లో రాయలేదు కదా అన్నాను. మరి ఎవరితో మాట్లాడాలన్నాడు. అది కూడా రాయలేదన్నాను. దేని గురించి అని అడగబోయి తనే ఆగిపోయాడు. సర్క్యులర్ తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. వ్యాఖ్య ఉంది కాబట్టి అభ్యంతరం లేనట్టు భావించడానికి వీల్లేదు. మాట్లాడడం అయ్యేదాకా మూడు రోజుల గడువు మొదలవదు. మాట్లాడడం ఎప్పుడైందో నిర్ధారించే బల్ల ఆ వరసలో లేదు.

గురువారం సభ వాయిదా పడింది. ఎవరు ఎవరితో మాట్లాడాలో తేల్చడానికి ఉపసంఘం వేశారు. ఉపసంఘం మొదటి సమావేశానికి అధ్యక్షుడు తలుపు దాటిపోయి తొమ్మిదో మండలంలోకి వెళ్ళిపోయాడని ఫణీంద్ర చెప్పాడు. రెండో సమావేశం ఇంకా జరగలేదు.

ఇది జరిగి ఎనిమిది నెలలు. నాంచారమ్మ నీలం కోటులో రోజూ పనికి వెళ్తోంది. మధ్యాహ్నం ఇంటికెళ్ళి భర్తకి అన్నం పెట్టి వస్తోంది. మొన్న నెల మొదటి తారీకున పని అయ్యాక మా ఇంటికి వచ్చింది. ఈసారి లోపలికి వచ్చి కూర్చుంది. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, చాలా రోజుల్నుంచీ అడగాలనుకుంటున్నట్టు మా ఆయన వైపు తిరిగింది.

"అయ్యగారూ, ఆ ఫైలు ఎన్నాళ్ళని అలా పడుకుని ఉంటుందండీ?"

మా ఆయన పేపరు దించి, వేళ్ళ మీద లెక్క వేసుకున్నారు.

"నీకు నలభై రెండు కదూ. ఇంకో పదహారేళ్ళకి నువ్వు నిజంగా రిటైరవుతావు. అప్పుడు మనం వెళ్ళి లేపాలమ్మా. దానంతటది లేవదు."